తాళం వేసిన ఇళ్ళు

మాస్టారు పోయారన్న కబురు ఆయన ఫోన్ నుంచే వచ్చింది. రోజూ పొద్దున్నే ఆయన తన దగ్గర నేర్చుకున్న మా అందరి వాట్సాప్ గ్రూపులో ఒక పాఠం లింకు పెట్టేవారు, కింద తన సొంత వ్యాఖ్య ఒకటి. ఆ రోజూ ఫోన్ మోగితే లింకే అనుకుని, తర్వాత చూద్దాంలే అని క్లాసుకి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ తెరిచి చూస్తే, మాస్టారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, పెట్టించిన రెండు వాక్యాలు. అన్నం అలాగే మూత పెట్టేశాను.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఆయన గురించి చాలా గొప్పగా చెబుతారు. నేను చెప్పేది అలా ఉండదు. ఇందులో నా తప్పు ఉంది.

చోడవరంలో ఎకనామిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యారు మాస్టారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్టాటిస్టిక్స్‌కి భయపడి తప్పించుకు తిరిగానని ఆయనే చెప్పేవారు. రిటైరయ్యాక మంచి ఫోనొకటి కొనుక్కుని, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాఠాలు మొదటి నుంచీ విని నేర్చుకున్నారు. నేను పీహెచ్‌డీలో చేరి, రిగ్రెషన్ అన్న లెక్క పేరు కనిపిస్తేనే పుస్తకం మూసేసే రోజుల్లో, ఎవరో చెబితే ఆయన ఇంటికి వెళ్ళాను. ఫోన్‌ని స్టీలు చెంబుకి ఆనించి పెట్టారు. అందులో ఎవరో విదేశీ ప్రొఫెసర్ గడగడా చెప్పుకుపోతున్నాడు.

"బస్సెళ్ళిపోతాదన్నట్టు సెప్తన్నాడమ్మా ఈయన. మనం మెల్లిగా నడిపిద్దాం" అని వీడియో వేగం తగ్గించారు.

ఆయన దగ్గర ఒక లావుపాటి నోట్‌బుక్ ఉండేది. మంచి సైట్ల పేర్లన్నీ చేత్తో రాసి, పక్కన అభిప్రాయం రాసుకునేవారు. "మొదటి నాలుగు పాఠాలే బాగుంటాయి." "ఈవిడ చెప్పేది అర్థమవుతుంది, రెండుసార్లు వినాలి." "సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓపిక మాత్రం మనదే." వీడియోలో రంగు బంతులతో శాంపిలింగ్ చెబుతుంటే మధ్యలో ఆపేసి, మమ్మల్ని చెరకు బండి దగ్గరికి తీసుకుపోయేవారు. "పై గెడ ఒకటి నమిలేసి బండంతా తీపనేస్తే ఎలాగమ్మా? అడుగునేటుందో సూడొద్దా?" అనేవారు. నవ్వేవాళ్ళం. అర్థమైందనే అనుకున్నాను.

చెరకు రైతులు సాగు మానేస్తున్నారా లేదా అన్నది నా పరిశోధన. దేవరాపల్లి వైపు ఒక ఊళ్ళో, రైతుల జాబితాలోంచి చీటీలు తీసి ఇళ్ళు ఎంచుకున్నాను. నింపిన ప్రశ్నల కాగితాల కట్ట మాస్టారి ముందు పెట్టి, మెచ్చుకుంటారని చూశాను. ఆయన ఒక్కొక్కటీ తిరగేసి కళ్ళజోడు తీశారు.

"అన్ని ఇళ్ళలోనూ మనుషులున్నారేటమ్మా? ఒక్క ఇంటికీ తాళం లేదా?"

"పద్నాలుగిళ్ళకి ఉన్నాయండి. వాటి బదులు పక్కిళ్ళు తీసుకున్నాను."

"తాళాలున్న ఇళ్ళకి ఎన్నిసార్లెళ్ళేవు?"

"ఒకసారేనండి."

ఆయన కోప్పడలేదు. "సాగు మానేసినోడు ఇంట్లో కూకుని నీకోసం సూస్తాడేటి? తాళమేసుకుని ఎళ్ళిపోయింది ఆడే కదమ్మా. ఆడిని తీసేసి, ఎళ్ళనోడిని అడిగి, ఎవరూ మానట్లేదని రాస్తన్నావు" అన్నారు. తర్వాత పద్ధతి చెప్పారు. తాళమున్న ఇంటికి మూడుసార్లు వెళ్ళాలి, వేరువేరు వేళల్లో. వెళ్ళినప్పుడల్లా ఒక గీత గీయాలి. మూడో గీతకీ తలుపు తియ్యకపోతే, వాళ్ళెక్కడికి వెళ్ళారో ఇరుగుపొరుగుని అడిగి అదే రాయాలి. ఆ పద్నాలుగు ఇళ్ళ నంబర్లూ నా చేతే తన నోట్‌బుక్‌లో రాయించుకున్నారు.

నేను వెళ్ళలేదు. గడువు దగ్గర పడిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సాగు మానేస్తున్నవాళ్ళు బహు తక్కువ అని నా థీసిస్ తేల్చింది. డిగ్రీ వచ్చింది, అనకాపల్లిలో ఉద్యోగమూ వచ్చింది. ఆ సంగతి మెసేజ్ పెడితే, "చాలా సంతోషం అమ్మా. ఆ ఇళ్ళు ఏమయ్యాయి?" అని జవాబు రాశారు. సిగ్గుతో ఆయన దగ్గరికి వెళ్ళడమే మానుకున్నాను.

ఈ మధ్య ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు చేసిందని విన్నాను. ఒక ఆదివారం పళ్ళు కొనుక్కుని వెళ్ళాను. ఇంటికి తాళం వేసి ఉంది. విశాఖలో ఆసుపత్రికి వెళ్ళారని తర్వాత తెలిసింది. ఆ గుమ్మం ముందు నిలబడినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు హాయిగా అనిపించింది. ఆయన మొహం చూడక్కర్లేదు కదా అని. పక్కింట్లో అడగలేదు. మళ్ళీ వెళ్ళలేదు.

పెద్దకర్మ రోజున అమ్మగారు ఆ నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. "నీ పేరుందమ్మా ఇందులో. ఒంట్లో బాగోపోయినా ఆటో కట్టించుకుని తిరిగేరు. ఎక్కడికండీ అంటే, గుంట పని కొంచెం మిగిలిపోయింది అనీవోరు. గుంటంటే నువ్వేనమ్మా."

నా చేతిరాతలో పద్నాలుగు నంబర్లు. ఒక్కొక్కదాని పక్కన ఆయన గీతలు. "విశాఖలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. చెరకు మానేశాడు." "మొగుడూ పెళ్ళాం తాపీ పనికి, హైదరాబాద్." "మూడోసారికి తలుపు తీశారు. పొలం కౌలుకిచ్చేశారు." పేజీ అంతా ఇవే. నా థీసిస్ చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకం. చివరి ఇంటికి మాత్రం రెండే గీతలు ఉన్నాయి.

నేను తేల్చింది తప్పని యూనివర్సిటీకి ఉత్తరం రాశాను. ఏం చేస్తారో తెలియదు. దానికంటే ముందు, పోయిన ఆదివారం ఆ చివరి ఇంటికి వెళ్ళాను. తాళం తుప్పు పట్టి ఉంది. ఎదురింటి అరుగు మీద ఒక ముసలావిడ చింతపండు గింజలు తీస్తోంది.

"ఆళ్ళు లేరమ్మా" అంది. "నీలాగే ఓ పెద్దాయన రెండుసార్లొచ్చేడు. ఆయాసపడిపోతా మంచినీళ్ళడిగి తాగేడు. మళ్ళీ వస్తానన్నాడు, రాలేదేటి?"

"రాలేరు మామ్మా. ఆయన బదులు నేనొచ్చేను."

ఆవిడ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. అరుగు మీద కూర్చుని నోట్‌బుక్ తెరిచాను. ఆ ఇంటివాళ్ళు ఎక్కడికి వెళ్ళారో ఆవిడ చెబుతుంటే రాసుకున్నాను. తర్వాత మూడో గీత గీశాను. ఆయన గీసిన రెండూ వంకరగా ఉన్నాయి. వాటి పక్కన నాది తిన్నగా వచ్చింది.