నాడెకు అంటిన ఎరుపు

ఆ పొద్దున నాడెలో, అంటే మగ్గంలో అటూ ఇటూ పోగును మోసే చెక్కపనిముట్టులో, కొత్త నూలు కండె వేసి, దాని కన్నంలోంచి పోగును నోటితో పీల్చాను. వరంగల్ మిల్లులో నేతవాళ్లందరం అలాగే చేసేవాళ్లం. పోగు ఎర్రగా వచ్చింది. రంగు నూలేమో అనుకున్నాను. కానీ నేను నేస్తున్నది తెల్లగుడ్డ. అది నా నోటి రక్తం. ఎవరూ చూడకముందే పోగు తెంపి జేబులో వేసుకున్నాను.

నా చేతి కింద రెండు సాంచెలు, అంటే మరమగ్గాలు, ఉండేవి. ఏళ్ల తరబడి చాకిరీ చేస్తే దక్కినవి. జబ్బని తెలిస్తే పంపేస్తారని హడలిపోయాను. సాంచెల మోతలో దగ్గు ఎవరికి వినపడుతుంది? నెలరోజులు దాచాను. నా తర్వాతి షిఫ్టులో అదే నాడెను నోటితో పీల్చే కొమురయ్యకు కూడా చెప్పలేదు. చివరికి మంచం పట్టాను. అప్పుడైనా మిల్లుకు కబురు పెట్టలేదు.

దవాఖానలో ఎక్స్‌రే తీశారు.

"టీబీ. ఎన్నాళ్ల సంది రక్తం పడుతాంది?" అన్నాడు డాక్టర్ సాబ్.

నా భార్య మల్లమ్మ నా మొహం వంక చూసింది. ఆమెకూ చెప్పలేదు మరి.

"జర ముందుగాల వస్తే ఏం పోతుండె?" అన్నాడాయన.

పుండు మానడానికి ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వాలని, సూదితో దాని పక్కకు గాలి ఎక్కించి ముడిచారు. మధ్యలో ప్లూరసీ, అంటే ఊపిరితిత్తి పైపొర వాపు, వచ్చి నీళ్లు చేరాయి. ఇక బతకననుకున్నాను. ఏడాదిన్నర పడుకునే ఉన్నాను.

కోలుకుని మిల్లుకు పోతే, పనివాళ్లను పెట్టుకునే జాబర్ రిజిస్టర్ తిరగేశాడు.

"చెప్పకుంట మానినవు, పేరు కొట్టేసిన్రు. డాక్టర్ చీటీ ఇచ్చి రజా పెట్టుంటే నీ జాగ నీకే ఉండె. ఇగ బదిలీల నిలబడు."

రజా అంటే సెలవు; బదిలీ అంటే ఎవరైనా రాని రోజున దొరికే పని. దగ్గు ఆపుకుంటూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడేవాణ్ణి. పిలవని రోజులే ఎక్కువ. నాలుగేళ్లకు మగ్గంలో దువ్వెనలాంటి అచ్చులో పోగులు ఎక్కించే చిన్న పని ఖాయమైంది. నా దగ్గర పని నేర్చినవాళ్లు ఇప్పుడు నాకంటే ఎక్కువ తెచ్చుకుంటున్నారు. నేను కోలుకున్నాను కానీ నా కూలి కోలుకోలేదు. సాంచెలు మళ్లీ నా చేతికి రావు.

మొన్న కొమురయ్య దగ్గుతుంటే విన్నాను.

"అన్నా, ఎవలకు చెప్పకే. నౌకరి పోతది," అన్నాడు.

"నాది చెప్పకనే పోయిందిరా. నడువు."

నేనే దవాఖానకు తీసుకుపోయాను. ఎక్స్‌రే తీయించి, డాక్టర్ చీటీ రాయించి, ఇవాళ ఇద్దరం పోయి మిల్లులో రజా పెట్టి వచ్చాం.

చదివేవాళ్లకు ఒకటే మాట. దగ్గులో రక్తం కనిపిస్తే ఆ రోజే దవాఖానకు పోండి, పని మానే ముందే డాక్టర్ చీటీతో రజా పెట్టుకోండి.

కొమురయ్య ఎక్స్‌రేలో ఏముందో రేపు చెబుతారు. నేను పీల్చిన నాడెనే అతనూ పీల్చాడు. నా ఎక్స్‌రేకు కూడా నేను ఇంత భయపడలేదు.