విమానం మెట్లదాకా ఒకే వరస

1986వ సంవత్సరం, మామిడికాయల కాలం. తిరుపతి ఊరి బయట ఉన్న మా చిన్న విమానాశ్రయంలో నేను ట్రాఫిక్ అసిస్టెంటుని. ట్రాఫిక్ అంటే రోడ్డు మీది బండ్లు కాదు. టికెట్లు చూడడం, పెట్టెలు తూచడం, బోర్డింగ్ కార్డులు ఇవ్వడం, ప్రయాణికులను విమానం దాకా నడిపించడం మా పని. మధ్యాహ్నం వచ్చేది హైదరాబాదు విమానం ఒక్కటే. అది వచ్చేలోపు కౌంటరు చాటున నవల చదువుకునేదాన్ని. నా గొంతు ఎంత చిన్నదంటే, ఎవరి పేరైనా పిలిస్తే మొదటి బెంచీ దాటేది కాదు. లోడరు మునిరత్నం నా బదులు అరిచేవాడు. చెప్పాలనుకున్నవన్నీ ఇంటికెళ్లి డైరీకే చెప్పుకునేదాన్ని.

ఆ రోజు బంగారుపాళ్యం నుంచి మామిడితోట వాళ్ల కుటుంబం ఒకటి వచ్చింది. ప్రయాణమయ్యేది తల్లి రమణమ్మ, ఎనిమిదేళ్ల కూతురు కవిత. తండ్రి సాగనంపడానికి వచ్చాడు. ముందురోజే కొండ మీద మొక్కు తీర్చుకున్నారు. పాపది నున్నటి గుండు, దాని మీద ఉన్ని మంకీ క్యాపు.

"ఈ ఎండకు మంకీ క్యాపేందిమా?" అన్నాడు మునిరత్నం, వాళ్ల పెట్టె తూకానికి ఎత్తుతూ.

"సెవుల్లో దూది జారిపోకుండా ఉండాల గదప్పా. దానికి శబ్దం పడదు," అంది రమణమ్మ.

తర్వాత కౌంటరు మీదికి వంగి నాతో మెల్లగా చెప్పింది. పాప మాట్లాడదు. పిలిస్తే తిరిగి చూడదు. చిత్తూరులో డాక్టర్లు తలా ఒక మాట చెప్పారు. ఇలాంటి పిల్లలను చూసే డాక్టరుగారు హైదరాబాదులో ఉన్నారని తెలిసింది. ఆయన మర్నాడు రమ్మన్నారు.

"పోయినసారి రైల్లో పోతిమి. పాప అరుస్తా ఉంటే తట్టుకోలేక మమ్మల్ని గూడూరులోనే దించేసినారు. ఈసారి గూడా కాకుంటే ఇంక దీన్ని యాడికీ తీసకపోనీయడు వాళ్ల నాయన."

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ముసలివాళ్లనూ, పసిపిల్లల తల్లులనూ అందరికంటే ముందు ఎక్కించేవాళ్లం. దాన్ని ప్రయారిటీ బోర్డింగ్ అంటారు. ఆ విమానంలో సీట్లకు నంబర్లు ఉండవు కాబట్టి తలుపు తీయగానే మిగతావాళ్లు కిటికీ సీట్ల కోసం పరుగు తీసేవాళ్లు. ఆ తొక్కిడి పాపకు తగలకూడదని నేనే ముందుగా వాళ్లిద్దరినీ టార్మాక్ మీదికి తీసుకెళ్లాను. టార్మాక్ అంటే విమానం ఆగే గచ్చు.

సగం దూరం వెళ్లామో లేదో, పాప ఆగిపోయింది. ఎదురుగా ఖాళీ గచ్చు, దాని చివర విమానం. కింద కూలబడి క్యాపు మీద నుంచే రెండు చేతులతో చెవులు మూసుకుని అరవడం మొదలుపెట్టింది. తల్లి ఎత్తుకోబోతే ఒళ్లు వెనక్కి విరుచుకుంది.

డ్యూటీ ఆఫీసరు గబగబా వచ్చారు. "గాల్లోకి వెళ్లాక ఇలా అరిస్తే ఎవరు పట్టుకుంటారమ్మా? కెప్టెన్ ఒప్పుకోరు. ఆఫ్‌లోడ్ చేసేయ్."

ఆఫ్‌లోడ్ అంటే మనిషినీ పెట్టెనూ ప్రయాణం నుంచి తీసేయడం.

కంచె అవతల నుంచి తండ్రి పిలిచాడు. "రమణా, సాల్లే. ఇంటికి పోదాం రా."

"నువ్వు గమ్మునుండు," అంది రమణమ్మ తల తిప్పకుండానే. తర్వాత నావైపు చూసింది. "నిన్న దర్శనం క్యూలో అంతసేపు నిలబడుకునింది మా. ఒక్క అరుపు లేదు. ముందర మనిషుంటే సాలు, వాళ్ల గుడ్డ అంచు పట్టుకోని పోతానే ఉంటాది. ఈడ ముందర ఎవురుండారు?"

ఎవరూ లేరు. మేలు చేస్తున్నాననుకుని పాపకు కావలసిన మనుషులనే నేను తీసేశాను.

ఆఫీసరును ఐదు నిమిషాలు అడిగాను. ఆయన గడియారం చూసుకుని, "ఐదంటే ఐదే" అన్నారు.

వెనక్కి హాలు తలుపు దగ్గరికి పరుగెత్తాను. అక్కడ అందరూ పరుగుకు సిద్ధంగా ఉన్నారు. మునిరత్నం విమానం దగ్గర పెట్టెలు ఎక్కిస్తున్నాడు. నా బదులు అరిచే మనిషి లేడు. "అందరూ ఒకరి వెనక ఒకరు వరసగా నడవాలండీ" అన్నాను. ఎవరికీ వినపడలేదు. ఊపిరి పీల్చుకుని మళ్లీ అన్నాను. ఈసారి వచ్చిన గొంతు నాదేనా అనిపించింది. పాప సంగతి కూడా ఆ గొంతుతోనే చెప్పాను.

"ఇదేమన్నా దర్శనం క్యూనా?" అన్నాడు సఫారీ సూటు ఆయన. "నా కిటికీ సీటు పోతే నువ్విస్తావా?"

"కిటికీ ఇవ్వలేను సార్. కానీ ఇది దర్శనం క్యూనే అనుకోండి."

నలుగురూ నవ్వారు. సగం మంది కొండ దిగి వచ్చిన గుండ్లే. వరస దానంతటదే కుదిరింది. ఒక ముసలమ్మ ముందుకొచ్చింది. "నా కొంగు పట్టుకోమను పాపను. కొండకు మా మనవరాండ్లను అట్లే గదా తోలకపోయేది."

వరస కదిలి పాప దాకా వచ్చి ఆగింది. ముసలమ్మ పాపకు వీపు చూపిస్తూ నిలబడి, కొంగు చివర కిందికి వదిలింది. కాలే గచ్చు మీద అందరూ అలాగే నిలబడ్డారు. వెనక ఎవరో అలవాటుకొద్దీ "గోవిందా" అనబోతే సఫారీ సూటు ఆయనే వారించాడు. "ఉష్, పాపకు శబ్దం పడదంట."

అరుపు తగ్గింది. పాప ముందున్న వీపును చూసింది. రెండు వేళ్లతో కొంగు అంచు తడిమింది. ముసలమ్మ అడుగు వేసింది. పాప లేచింది.

మెట్ల దగ్గర ముసలమ్మ మోకాళ్ల నొప్పితో మెట్టుమెట్టుకూ ఆగింది. పాప కూడా ఆగింది. లోపలికి వెళ్లేటప్పుడు వెనక రమణమ్మ నావైపు చూసి చెయ్యెత్తింది.

విమానం కొండల మీదుగా కనుమరుగయ్యాక కూడా తండ్రి కంచె దగ్గర తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు. "పోయింది గదా మా?" అని అడిగాడు. పోయిందని చెప్పాను. ఆ తువ్వాలుతోనే ముఖం తుడుచుకున్నాడు.

వారం తిరగకముందే వాళ్లు అదే విమానంలో తిరిగొచ్చారు. పాప ఎవరిదో చొక్కా అంచు పట్టుకుని మెట్లు దిగింది. రమణమ్మ నవ్వుతూ వచ్చింది.

"హైదరాబాదులో ఎక్కేటప్పుడు ఒకాయన మధ్యలో దూరబోతే సొక్కా పట్టుకోని ఎనక్కి లాగేసింది మా. ఆయనే, సూడు, దీని ముందర వస్తా ఉండేది."

డాక్టరుగారు దీన్ని ఆటిజం అంటారని చెప్పారట. మాత్రలతో పోయేది కాదన్నారట. "దానికి వచ్చినదాన్ని పట్టుకోని మిగతావి ఒకటొకటే నేర్పించమన్నారు. మనం ఆ పొద్దు సేసింది అదే గదా మా" అంది.

ఆ మాటే నాకు పాఠం. ఆ తర్వాత అలాంటి పిల్లలు వస్తే ముందుగా ఎక్కించనా అని అడిగేదాన్ని కాదు. "పాపకు ఏది బాగా వచ్చు?" అని తల్లిని అడిగేదాన్ని. ఆమె చెప్పేదాకా ఎవరినీ కదలనిచ్చేదాన్ని కాదు. నా గొంతు చివరి బెంచీ దాటి వినిపించేది. చెవుల్లోకి కాస్త దూది ఇమ్మని మునిరత్నం అప్పుడప్పుడు అడుగుతుండేవాడు.