ఓ అరగంట మీ టీవీ ఇస్తారా?

శివరామకృష్ణయ్యగారికి సొంత లాప్‌టాప్ ఉంది. కానీ అందులో ఏం చూడాలన్నా దాన్ని ఊళ్ళో ఎవరో ఒకరి టీవీకి తగిలించి చూడవలసిందే. కండువా లేకుండానైనా గడప దాటుతారేమోగాని, మెడలో ఆ నల్లటి కేబుల్ లేకుండా దాటరు. కర్ణాటకలో యరగేర పక్కన, ఆంధ్రానుంచి వలసొచ్చిన రైతులు కట్టుకున్న మన క్యాంపులో ఆయన్ని దూరాన చూస్తే చాలు, సీరియళ్ళు చూసే ఆడవాళ్ళు ముందు రిమోట్ దాచేసేవాళ్ళు.

"తెర పోయిందండీ. రెండేళ్ళ కిందట వడ్ల బస్తామీంచి పడింది" అని చెప్పేవారు అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ. పోయిన తెర కళ్ళబడకుండా దానిమీద సీతారాముల క్యాలెండరు బొమ్మ నాలుగు మూలలా టేపు వేసి అంటించారు. మూత తెరవగానే ముందు దణ్ణం, తరవాతే మీటలు.

"కొత్త తెర వేయించుకోకూడదా బాబాయ్?" అన్నాడు పక్కింటి రమేష్‌బాబు ఒకసారి.

"ఊళ్ళో ఇన్ని తెరలుండగా ఇంకోటి ఎందుకురా?"

గోడకు బిగించిన టీవీల వెనక కేబుల్ పెట్టే కన్నం వెతకడానికి ఆయన జేబులో ఓ చేతి అద్దం ఉండేది. అది ఆయన భార్య శ్యామలాదేవిది. ఆవిడ రెండేళ్ళుగా అందాజా మీదే బొట్టు పెట్టుకుంటోంది. ఎవరి టీవీ వెనక బల్లి గుడ్లు పెట్టిందో, ఎవరి దువ్వెన పడి ఉందో ఇంటివాళ్ళకంటే ముందు ఆయనకే తెలిసేది. అమరప్ప ఇంట్లో ఆర్నెల్లుగా కనబడని ముక్కుపుడక ఆ అద్దంలోనే దొరికింది.

ఓరోజు ఆయన యమనూరప్ప ఇంటికి వెళ్ళేసరికి క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లో ఉంది. "అయ్యా, అయిదే బంతులు!" అని అతను చేతులు జోడించాడు. "ఒక్క క్షణమే నాయనా" అంటూ ఈయన కేబుల్ తగిలించేశారు. తెరంతా నీలం రంగు, మధ్యలో 'నో సిగ్నల్'. "రాముడికే పద్నాలుగేళ్ళు పట్టింది, మనకు రెండు నిమిషాలు పట్టదా?" అన్నారు. అది కుదిరేసరికి మ్యాచ్ అయిపోయింది. "ఏం బాధపడకు. ఇవాళ గెలిచినవాళ్ళు రేపటికి కూడా గెలిచే ఉంటారు" అని ఓదార్చారు.

శ్యామలాదేవికి మాత్రం ఇది తల తీసేసినట్టుండేది.

"మనింట్లో నలభైమూడు అంగుళాల టీవీ పెట్టుకుని, కూలికెళ్ళేవాళ్ళ ఇళ్ళకెళ్ళి అడుక్కుంటారేమిటండీ?"

"మన టీవీలో రంగు కాస్త ఎక్కువే శ్యామలా."

ఇంకోరోజు అడిగితే, "మనది దక్షిణం గోడ" అన్నారు. మరోరోజు, "మన సోఫాలో కూర్చుంటే నిద్రొస్తోంది" అన్నారు. పిసినారితనమని జనం నవ్వుకుంటున్నారని ఆవిడకు తెలుసు. కొంతవరకు ఆవిడా అలాగే అనుకుంది.

శివరామకృష్ణయ్యగారి పొలంలో నాట్లకు వచ్చే ఉలిగెమ్మ కూతురు నేత్ర మంచి మార్కులతో పాసైంది. రాయచూరులో చదవాలంటే హాస్టల్ సీటు కావాలి. సీటు రాకపోతే చదువు మానడమే. అర్జీ కంప్యూటర్లో పంపాలి, ఆ రోజు సాయంత్రం ఆరింటికే గడువు. శ్యామలాదేవి పొద్దున్నే వెళ్ళి, "మా ఇంటికి రండి ఉలిగెమ్మా, మా ఆయన చేసిపెడతారు" అంది.

"వద్దమ్మా. ఒకరి ఉపకారం మాకెందుకు?" అంది ఉలిగెమ్మ. ఇదివరకు ఒకాయన ఆమెకు రేషన్ కార్డు చేయించి, ఆ మాట హోటల్లో టీ తాగిన ప్రతిసారీ చెప్పుకున్నాడు. అప్పటినుంచి ఆమె ఎవరి గడపా తొక్కదు. శ్యామలాదేవి ఉసూరుమంటూ ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆయన "ఊఁ" అన్నారు, అంతే.

సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ దేవుడి పటాలతోపాటు లాప్‌టాప్ మీది పటం కూడా తుడుద్దామని మూత తెరిచింది. గుడ్డ ఏ మీటకు తగిలిందో, సీతారాములు ఒక్కసారిగా వెలిగిపోయారు. ముఖాలనుంచి కాంతి!

"రామచంద్రా!" అని ఆవిడ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. కళ్ళు తెరిచేసరికి ఓ మూల టేపు ఊడి, స్వామివారి పాదాల కింద టైము కనిపించింది. నాలుగూ నలభై.

తెర నిక్షేపంలా ఉంది. గీతైనా లేదు.

ఆవిడ అడిగేలోగా ఆయన వచ్చి, టేపు అదిమి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. రెండేళ్ళ అబద్ధం! నలుగురిలోనే కడిగేద్దామని శ్యామలాదేవి చెప్పులేసుకుని బయల్దేరింది. వాకబు చేస్తే ఉలిగెమ్మ ఇంట్లో దొరికారు. లోపలి మాటలు విని ఆవిడ గుమ్మం దగ్గరే ఆగింది.

"ఏందయ్యా, గంత పెద్ద టీవీ ఇంట్ల పెట్టుకొని మా డబ్బా మీద పడ్డరేంది?"

"నీ దాంట్లో వచ్చినంత తేటగా మా దాంట్లో రాదు తల్లీ. ఓ అరగంట ఇస్తే పుణ్యముంటుంది."

"సరే, కూసోండ్రి. కానీ చాయ్ తాగాలె. తాగకుంటే టీవీ ఇయ్య."

ఆయన బుద్ధిగా చాయ్ తాగారు. తరవాత, "అమ్మా నేత్రా, అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడాలి. ఏదైనా కొట్టు తల్లీ. ఆ హాస్టల్ అర్జీయే కొట్టరాదూ?" అన్నారు.

నేత్ర తల వంచుకునే కొట్టింది. పెదవి చివర నవ్వు మాత్రం దాగలేదు. టీవీలో పెద్ద పెద్ద కన్నడ అక్షరాలు పడ్డాయి.

"గది నా పేరేనా?" అంది ఉలిగెమ్మ.

"నీ పేరే. తల్లి పేరు అక్కడే రాయాలి."

ఫోటోకు నిలబడ్డట్టు ఉలిగెమ్మ కొంగు సర్దుకుంది.

గుమ్మంలో శ్యామలాదేవికి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మ్యాచ్ పోయిన వారానికే యమనూరప్ప పొలం పహణీ కాగితంలో తప్పు పడ్డ పేరు సరైంది. ముసలి చెన్నవ్వ ఇంటికి ఆయన కేబుల్‌తో మూడుసార్లు తిరిగాక ఆమెకు ఆగిపోయిన పింఛను మళ్ళీ వచ్చింది. అడిగేవాడు ఆయనే అయితే, వాళ్ళు ఇచ్చేవాళ్ళవుతారు. ఇచ్చినవాళ్ళు ఎవరిముందూ తల దించుకోనక్కర్లేదు.

ఆరుకు ఎనిమిది నిమిషాలుందనగా లోపల కలకలం. ఆ పాత టీవీ బొమ్మ అంచుల్ని మింగేస్తుంది. అర్జీ పంపే మీట సరిగ్గా కింది మూల, ఆ మింగిన ముక్కలో పడింది. బాణం గుర్తు టీవీ అంచు దాటి మాయమైంది.

"ఇక్కడుండాలి" అని శివరామకృష్ణయ్యగారు గోడ సున్నం మీద వేలు పెట్టారు. నేత్ర గుడ్డిగా నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది.

"తాతా, టైం అయిపోతాంది" అంది ఏడుపు గొంతుతో.

సీతారాముల పటం ఎత్తితే ఆ మీట చిటికెలో కనిపిస్తుంది. కానీ తెర బాగానే ఉందని ఉలిగెమ్మకు తెలిస్తే, అర్జీ పంపకుండానే అందరినీ బయటికి నడిపిస్తుంది. ఆయన చేయి పటం దాకా వెళ్ళి ఆగిపోయింది.

శ్యామలాదేవి గబగబా లోపలికొచ్చింది. "ఉలిగెమ్మా! మీ దొడ్లో గోంగూర బాగా ఎదిగిందటగా? మాకు పప్పులోకి ఆకైనా లేదు. ఓ గుప్పెడు పెడతావా?"

"పుండికూరా? గుప్పెడేంది, బుట్టెడు కోసిస్తా, రాండ్రి!" అని ఉలిగెమ్మ ఆనందంగా దొడ్లోకి దారి తీసింది. శ్యామలాదేవి వెళ్తూ వెళ్తూ మొగుడివైపు ఓ చూపు చూసింది. రెండేళ్ళకు సరిపడా తిట్లు అందులోనే ఉన్నాయి.

వాళ్ళు తిరిగొచ్చేసరికి పటం కాస్త వంకరగా ఉంది. టీవీలో 'అర్జీ అందింది' అని ఉంది. నేత్ర కళ్ళు తుడుచుకుంటోంది.

"చూస్తిరా, మా టీవీ లేకుంటే మీ పని ఆగిపోయేది" అంది ఉలిగెమ్మ.

"నిజం తల్లీ" అన్నారాయన.

"అమ్మా, ముసలాయన ఎన్ని దినాలు గిట్ల తిరుగుతరు? ఓ తెర ఏపియ్యరాదా?" అంది ఉలిగెమ్మ శ్యామలాదేవివైపు తిరిగి.

ఆ రోజుదాకా అబద్ధమాడి ఎరగని శ్యామలాదేవి ఒళ్ళో గోంగూర సర్దుకుంది. "ఎక్కడ ఉలిగెమ్మా, ఆ రకం తెరలు ఇప్పుడు రావట్లేదట."

"అట్లనా? అయితే రేపు గూడ తీస్కరాండ్రి" అంది ఉలిగెమ్మ, ఎంతో ఉదారంగా. "మా టీవీ ఏం అరిగిపోదు."