ఒక ఆఫీసుకు మొగుడు, ఇంకో ఆఫీసుకు కాడు

ఖమ్మంలో పెళ్లి చేసుకుని కౌసల్య జర్మనీ తిరిగొచ్చిన వారానికే జాబ్‌సెంటర్ నుంచి పిలుపు వచ్చింది. సొంత జీతం ఇంటికి చాలని వాళ్లకు ప్రభుత్వం తరఫున కొంత కలిపి ఇచ్చే ఆఫీసు అది. కాట్‌బస్ నగరానికి రైల్లో కాస్త దూరంలో ఉన్న ఆ చిన్న పట్టణంలో, ఒక వృద్ధాశ్రమం వంటగదిలో కౌసల్య సగం పూట పనిచేసేది. మొదటి భర్త విడాకులిచ్చి మ్యూనిక్ వెళ్లిపోయాక, కూతురు గీతికను చూసుకుంటూ అంతకు మించి చేయడం ఆమె వల్ల కాలేదు. జీతానికి తక్కువ పడింది జాబ్‌సెంటర్ పూరించేది. తీసుకున్న ప్రతిసారీ ముఖం చిన్నబోయేది, అయినా తీసుకునేది.

రెండో పెళ్లి సంగతి ఆమె దాచలేదు. తానే రాసి పంపింది. అందుకే ఈ పిలుపు.

"శుభాకాంక్షలు," అని చెయ్యి కలిపింది అక్కడి ఉద్యోగిని ఫ్రావు లేమాన్. ఆ వెంటనే కంప్యూటర్ వైపు తిరిగింది. "మీ భర్త ఆదాయం వివరాలు కావాలి."

"ఆయన ఇక్కడ లేడండీ. ఇండియాలో ఉన్నాడు."

"ఎక్కడున్నా భర్తే కదా. ఆయన మీకేమైనా పంపగలిగితే మేం ఇచ్చేది ఆ మేరకు తగ్గుతుంది. జీతం స్లిప్పులు తెప్పించండి."

రవీంద్రనాథ్‌కు జీతమంటూ లేదు. ఖమ్మంలో అతనికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, మాడిన రాగి తీగ తీసేసి కొత్తది చుట్టి ఇస్తాడు. ఎండాకాలం ఊపిరాడనంత పని, వానాకాలం ఈగలు తోలుకోవడం. ఇదంతా కౌసల్య తనకొచ్చిన జర్మన్‌లో చెప్పింది. ఫ్రావు లేమాన్ ఓపిగ్గా విని, "అయితే కాలాల వారీగా రాయించండి. జర్మన్ అనువాదంతో సహా," అంది.

విదేశీయుల ఆఫీసు అదే భవనంలో పై అంతస్తులో ఉంది. భర్త వీసా సంగతి కనుక్కుందామని కౌసల్య అట్నుంచటే మెట్లెక్కింది. కళ్లజోడు పెట్టుకున్న కుర్ర ఆఫీసరు ఆమె కాగితాలు తిరగేసి తల అడ్డంగా ఊపాడు.

"మీకే జీతం చాలక సాయం తీసుకుంటున్నారు. ఇంకో మనిషిని ఎలా పోషిస్తారు? ముందు ఆ సాయం లేకుండా బతకగలమని చూపించాలి."

"ఆయన వచ్చాక పనిచేస్తాడు."

"వచ్చాక కదా. నేను ఇప్పటి సంగతి అడుగుతున్నాను."

"కింద అంతస్తులో వాళ్లేమో ఆయనే నన్ను పోషించాలంటున్నారు."

"అది వేరే చట్టం," అన్నాడు కుర్రాడు, మర్యాదగానే.

ఆ రోజు రవీంద్రనాథ్ ఇదంతా ఫోన్‌లో విన్నాడు. వెనక షాపులో ఏదో మోటారు గుయ్యిమంటోంది.

"ఇంతకీ నేను నీకు మొగుణ్ణా కాదా? అదొక్కటి తేల్చమను," అన్నాడు.

"కింద మొగుడివే. పైన కాదు," అంది కౌసల్య పళ్లు బిగించి.

వాళ్లిద్దరికీ పరిచయం వాషింగ్ మెషీన్ వల్ల అయింది. రెండేళ్ల కిందట కౌసల్య ఇంట్లో అది నీళ్లు వదలకుండా మొండికేసింది. రిపేరు మనిషి కోసం టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అడిగితే వచ్చే నెల అన్నారు. ఖమ్మంలో ఉన్న అక్కతో ఆ గోడు చెప్పుకుంటుంటే, వాళ్ల బోరు మోటారు బిగించడానికి వచ్చిన రవీంద్రనాథ్ అక్కడే ఉన్నాడు. అక్క ఫోన్ అతని చేతికిచ్చింది. అతను వీడియోలో చూస్తూ, ఎక్కడ మూత తిప్పాలో, కింద ఏ పళ్లెం పెట్టాలో చెప్పాడు. లోపల్నుంచి గీతిక జుట్టు క్లిప్పు వచ్చింది. ఎలా నడుస్తోందని మర్నాడు అడిగాడు. ఆ తర్వాత మెషీన్ ఊసు లేకుండానే మాట్లాడుకున్నారు. అతని భార్య జబ్బుచేసి పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. కౌసల్య మాట్లాడేటప్పుడు మధ్యలో అడ్డు రాకుండా వినే మగవాణ్ణి ఆమె అంతకు ముందు చూడలేదు.

వీసా చిక్కు విని, జర్మనీలోనే బ్యోబ్లింగెన్‌లో ఉండే స్నేహితురాలు వైశాలి ఫోన్‌లో మందలించింది. వైశాలి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, భర్త కూడా అంతే.

"పెళ్లయిందని జాబ్‌సెంటర్‌కి ఎందుకు చెప్పావే? ఆయన వచ్చాక చెప్పాల్సింది."

"దాచుకోవడానికా నేను పెళ్లి చేసుకుంది? ఒకసారి అబద్ధం రాస్తే జన్మంతా దాన్ని కాచుకుంటూ కూర్చోవాలి. నా వల్ల కాదమ్మా."

"మరైతే ఫుల్‌టైమ్ చెయ్. ఆ సాయం వదిలెయ్."

చెప్పడం తేలికే. వంటగది పెద్ద హెర్ నోవాక్ రెండేళ్లుగా ఆమెను పూర్తి పనికి రమ్మంటూనే ఉన్నాడు. ఖాళీగా ఉన్నది పొద్దుటి షిఫ్టు. ఆరింటికల్లా వంటగదిలో ఉండాలి, ముసలివాళ్ల నాష్టా పని అప్పుడే మొదలవుతుంది. తొమ్మిదేళ్ల పిల్లను ఎవరు లేపుతారు, ఎవరు బడికి పంపుతారు? కౌసల్య తలపట్టుకుంది.

"ఇష్ కన్ దస్ అలైన్," అంది గీతిక. నేనొక్కదాన్నే చేసుకోగలనని.

"ఏం చేసుకుంటావు? రెండు అలారాలు మోగినా లేవవు."

దారి చూపింది రవీంద్రనాథే. "మీకు పొద్దు పొడిచేసరికి నాకిక్కడ పది దాటుతది. షాపు తెరిచే ఉంటది గదా. నేను లేపుతా."

కౌసల్య మొదట ఒప్పుకోలేదు. ఖమ్మంలో కూర్చుని జర్మనీలో పిల్లను లేపడమేమిటి? కానీ ఇంకో ఉపాయం ఆమెకూ తోచలేదు. అలా మొదలైంది. గీతిక మంచం పక్కన ట్యాబ్ మోగేది. అవతల రవీంద్రనాథ్ ఫోన్‌ను తీగ చుట్టే యంత్రానికి ఆనించి పెట్టుకుని తీగ చుడుతూనే ఉండేవాడు. పళ్లు తోమావా, పాలు తాగావా, తాళంచెవి సంచిలో వేసుకున్నావా. గీతిక పాలు తాగుతూ అతని జర్మన్‌ను దిద్దేది. వీసాకు అతను భాష మొదటి పరీక్ష గట్టెక్కాలి. హైదరాబాద్ వెళ్లి రాసిన మొదటిసారి, విని అర్థం చేసుకునే భాగంలో తప్పాడు.

"నైన్, రవి. ఇష్ అనాలి, ఇచ్ కాదు. నోఖ్‌మాల్," అనేది. మళ్లీ అనమని.

"పేరు పెట్టి పిలుస్తావేంటే?" అని సెలవు రోజున అది విన్న కౌసల్య కోప్పడింది.

"మరేమనాలి? అతని పేరు రవి కదా," అంది పిల్ల.

"పిలవనీలే," అన్నాడు అతను.

రెండోసారి పరీక్ష నెగ్గాడు. అప్పటికే పూర్తి పనిలో చేరిన కౌసల్య, ఇక సాయం వద్దని రాసిచ్చింది. ఫ్రావు లేమాన్ ఆమెను సాగనంపుతూ, ఎప్పుడైనా మళ్లీ తక్కువ పడితే దరఖాస్తు మొదటినుంచీ పెట్టుకోవాలని గుర్తుచేసింది. కాలాల వారీగా రాయించి అనువాదం చేయించిన కాగితాల ప్రసక్తి ఆమె ఎత్తలేదు. వాటిని ఇప్పుడేం చేసుకోవాలని కౌసల్య అడిగితే, "మీ దగ్గరే ఉంచుకోండి" అంది.

కొత్త కాంట్రాక్టు పట్టుకుని పై అంతస్తుకు వెళ్లింది. కళ్లజోడు కుర్రాడు చదివి, "ప్రొబెత్సైట్ ఉంది," అన్నాడు. అంటే పనిలో నిలబడతారో లేదో చూసే మొదటి ఆర్నెల్లు. "అది దాటితే గానీ ఈ జీతాన్ని లెక్కలోకి తీసుకోలేం."

"నేను ఆ వంటగదిలో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను."

"కాంట్రాక్టు కొత్తది."

అప్పుడు కౌసల్యకు ఓపిక నశించింది. గొంతు పెంచలేదు గాని ఆమె మాట మారింది. జర్మన్ వ్యాకరణం సంగతి మర్చిపోయి మాట్లాడింది.

"మీరే చెప్పండి. ఆయన వస్తే పనిచేస్తాడు. ఇంట్లో వండుతాడు, పిల్లను చూస్తాడు. ఇప్పుడూ చూస్తున్నాడు, ఫోన్‌లో. పూర్తి పని చేసి చూపించమన్నారు, చేశాను. ఆయన అక్కడినుంచి పిల్లను లేపబట్టే చేయగలిగాను. ఆయనే రాకూడదంటారేమిటి?"

కుర్రాడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు చెప్పేది నాకు అర్థమవుతోంది," అన్నాడు. "నిజంగానే. కానీ నేను చూడాల్సింది అది కాదు." కాస్త ఆగి, "మీ వంటగది పెద్దాయన్ని ఒక మాట రాసివ్వమనండి, ఈ గడువు తీసేస్తున్నామని. తీసేయొచ్చు. చాలామంది అడగరు," అన్నాడు.

హెర్ నోవాక్ బంగాళదుంపల పెద్ద గిన్నె పక్కనే నిలబడి సంతకం చేశాడు. "ఏడేళ్లు నా వంటగదిలో ఉన్న మనిషిని ఇంకా పరీక్షిస్తానా?" అని విసుక్కున్నాడు, కౌసల్య మీద కాదు.

ఆ తర్వాత కూడా పని ఒక్కసారిగా తెమల్లేదు. ఇల్లు ముగ్గురికి సరిపోతుందని చూపించాలి. పెళ్లి సర్టిఫికెట్ నిజమైనదేనా అని ఖమ్మంలో ఎవరో విచారించాలి. విచారణకు వచ్చినాయన రవీంద్రనాథ్ షాపులో టీ తాగి, తన ఇంటి మోటారు కూడా శబ్దం చేస్తోందని చెప్పి వెళ్లాడు. చలికాలం అలాగే గడిచింది. ఏప్రిల్‌లో వీసా వచ్చింది.

బెర్లిన్ విమానాశ్రయంలో రవీంద్రనాథ్ రెండు సూట్‌కేసులతో, ఒక అట్టపెట్టెతో బయటికొచ్చాడు. ఫోన్‌లో చూసినదానికంటే పొట్టిగా ఉన్నాడని, పెళ్లప్పుడు వైశాలి దగ్గర ఉండిపోయిన గీతిక మొహం మీదే చెప్పింది. స్టేషన్‌కు చేరేసరికి వాళ్లెక్కాల్సిన రైలు రద్దయిందని బోర్డు మీద పడింది. తర్వాతిది గంట పైన.

కౌసల్యకు తల తిరిగిపోయింది. "ఇన్నాళ్లు ఆఫీసుల వాళ్లు. ఇప్పుడు వీళ్లు. ఈ దేశంలో ఏదీ ఒక్కసారికి కాదు."

"కూచోరాదు," అన్నాడు రవీంద్రనాథ్. "ఇంత దూరం వచ్చిన. గంట ఎంతల పోతది."

"నీకేం తెలుసు. ఆ గంట తర్వాత ఇంకో గంట అంటారు," అని కౌసల్య విచారణ కౌంటర్ వైపు విసవిసా వెళ్లింది. అక్కడ వరస పొడుగ్గా ఉంది. ఆమె వంతు వచ్చేసరికి అక్కడి మనిషి, బోర్డు మీద ఉన్నదే తనకూ తెలుసని చెప్పాడు.

తిరిగొచ్చేసరికి ఇద్దరూ అట్టపెట్టె విప్పి బెంచీ మీద సకినాలు తింటున్నారు. గీతిక మైకులో వచ్చే జర్మన్ ప్రకటన వింటూ అతనికి ఒక్కో ముక్కా తెలుగు చేస్తోంది. అతను తలాడిస్తూ, అర్థం కానిచోట మళ్లీ అడుగుతున్నాడు. కౌసల్య వాళ్ల పక్కన కూలబడింది. రైళ్ల మీద, రెండంతస్తుల ఆఫీసుల మీద కోపం ఇంకా అలాగే ఉంది. ఒక సకినం తీసి కొరికింది.

"నూనె ఎక్కువైంది," అంది.

"మీ అక్క చేసింది," అన్నాడు రవీంద్రనాథ్.