ఇద్దరి మొక్కు

సముద్రం దాటి వచ్చి హయలీయా ఊళ్ళో స్థిరపడ్డ క్యూబావాళ్ళలో ఎవెలియో సాక్ష్యం విననివాళ్ళు తక్కువ. టైర్ల కొట్టుకీ, బట్టలుతికే దుకాణానికీ మధ్య చర్చి కోసం అద్దెకు తీసుకున్న గదిలో, మడత కుర్చీల ముందు నిలబడి, టై ముడి కాస్త వదులు చేసుకుని మొదలుపెట్టేవాడు. క్యూబాలోని కైబరియెన్ ఒడ్డున ట్రాక్టరు ట్యూబుల మీద చెక్కలు బిగించి, తనూ యాయో అనే స్నేహితుడూ సముద్రం మీదికి తోసుకుపోయిన సంగతి. తాగే నీళ్ళు అయిపోయిన సంగతి. యాయో మెడలో పునీత లాజరు బిళ్ళ ఉండేది. దాన్ని పెదవులకు ఆనించుకుని పిలిచి పిలిచి, చివరికి అతను తెప్ప మీంచి జారిపోయాడు.

"వాడు చెవుల్లేని బొమ్మని పిలిచాడు, మునిగిపోయాడు. నేను క్రీస్తుని పిలిచాను, చేపల పడవ వచ్చింది!"

ఆ మాట దగ్గర గదంతా హల్లెలూయా అంటూ లేచి నిలబడేది. కొత్తగా వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు.

ఆ పడవకూ ఈ మడత కుర్చీలకూ మధ్య చాలా బతుకే గడిచింది. కూరగాయల గిడ్డంగిలో బస్తాలు మోశాడు. యాయో కలలోకి వస్తున్నాడని తాగాడు. తాగి ఒకసారి బస్టాపులో పడి ఉంటే, ఒరెస్తెస్ అనే పెద్దాయన ఇంటికి మోసుకుపోయి, రొట్టె పాలకాఫీలో ముంచి చంటిపిల్లాడికి పెట్టినట్టు పెట్టాడు. ఆయన వెంటే చర్చికి వెళ్ళాడు. అక్కడే మిగ్దాలియా కనపడింది, పెళ్ళయింది. కొన్నాళ్ళకు ఒరెస్తెస్ తానే పక్కకు తప్పుకుని అతన్ని ప్రసంగానికి నిలబెట్టాడు. నాకన్నా నీ నోట మాట బాగా పలుకుతుందిరా అన్నాడు.

ఇన్నాళ్ళూ అక్క నెరేయిదా కైబరియెన్‌లోనే ఉండిపోయింది. తల్లి పోయేనాటికి ఎవెలియో ఇంకా పాకుతున్నాడు. పీతలు వలిచే పనికి పోతూ, వాడిని చంకనేసుకుని పెంచింది. పెళ్ళి మాట ఎవరెత్తినా, నాకు ముందే ఒక కొడుకున్నాడుగా అని నవ్వేసేది. ఆమెను రప్పించుకోవడానికి ఎవెలియోకు ఏళ్ళు పట్టింది. చివరికి విమానం దిగేసరికి ఆమెకు గుండెజబ్బూ, చేతిలో ఒక్క పెట్టే మిగిలాయి.

చర్చి చూపించడానికి తీసుకెళ్తే ఆమె గుమ్మంలో ఆగి అటూ ఇటూ చూసింది.

"బాగుందిరా. పంక్చరైన టైర్లకీ, పంక్చరైన ఆత్మలకీ ఒకే వరసలో రిపేరు."

మిగ్దాలియా పకపకా నవ్వింది. "వదినా, ఈ మాట ఆదివారం నాడు అనకు, కుర్చీలు ఖాళీ అవుతాయి."

ఇంటి వెనక గది ఆమెకిచ్చారు. పెట్టె సర్దుతుంటే లంగా మడతల్లోంచి బొమ్మ బయటపడింది. చంకకర్రలూ, కాళ్ళ మీద పుళ్ళూ, అవి నాకుతున్న రెండు కుక్కలూ. పునీత లాజరు.

ఎవెలియో మొహం గంటు పెట్టుకున్నాడు. "అక్కా, ఇది నా ఇంట్లో వద్దు. ఈ బిచ్చగాడు అసలు మనిషే కాడు. యేసు చెప్పిన ఉపమాన కథలోని వాడు."

"ఉపమానమైతే మాత్రం వాడికి ఆకలేయదా?" అంది నెరేయిదా. మళ్ళీ గొంతు తగ్గించి, "నీకిష్టం లేకపోతే గుడ్డ కప్పుతాలే. ఒక్క పనికి మాత్రం నాతో రా. ఆ తర్వాత నిన్ను వాడి పేరెత్తి విసిగించను" అంది.

అప్పుడు చెప్పింది. అతను వెళ్ళిపోయాక కబురు లేని రోజుల్లో ఆమె మొక్కుకుంది: తమ్ముడు బతికి ఉంటే, ఇద్దరూ కలిసి లాజరు గుడి గుమ్మం దాకా మోకాళ్ళ మీద వస్తారని. తన ఒక్కదాని పేర మొక్కి ఉంటే ఎప్పుడో తీరిపోయేది. భయంలో తమ్ముడి కాళ్ళు కూడా కలిపి మొక్కేసింది.

"ఇవ్వడంలో ఎంత పెద్ద చెయ్యో, రాబట్టుకోవడంలో అంత పట్టు ఆయనకి. మొక్కు తీరకుండా నేను పోతే ఆ బాకీ నీ కాళ్ళ మీద తీర్చుకుంటాడురా. అదే నా బెంగ."

"నన్ను ఒడ్డుకి చేర్చింది ఆయన కాదక్కా."

"ఎవరైతేనేం. మాటిచ్చింది నేను."

ఎవెలియో ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే, ఇన్నేళ్ళూ వేదిక మీద తను చెప్పింది ఏమైపోవాలి? లాజరు పండుగ వచ్చే డిసెంబరు దగ్గర పడుతుంటే మిగ్దాలియాయే ఒక సాయంత్రం గిన్నెలు కడుగుతూ కదిపింది.

"పోనీ, ఒకసారి వెళ్ళిరా. ఎవరు చూస్తారు?"

"దేవుడు చూస్తాడు."

"ఆయన చూస్తే ఫరవాలేదు. ఒరెస్తెస్ చూడకపోతే చాలు."

అతను నవ్వలేదు. నెరేయిదా మళ్ళీ అడగలేదు కూడా. కాఫీ కాచి చిన్న కప్పుల్లో పోసి, ఎప్పటిలాగే అతనికి మొదటిది ఇచ్చేది.

లాజరు పండుగనాడు చర్చిలో మధ్యాహ్నపు ప్రార్థన నడుస్తుండగా, పక్కింటి చూచో దగ్గర్నుంచి ఫోను వచ్చింది. చూచో డామినోలాడే ముసలాయన. ఏ చర్చికీ పోడు.

"కోప్పడకు పాస్టరూ. కారులో దింపమంటే దింపాను. ఒకసారి గుమ్మం దాకా వెళ్ళింది. ఇక ఇంటికి పోదాం పద అంటే వినదు. మళ్ళీ మొదటికొచ్చి, ఇప్పుడు నీ వంతు పాకుతోంది."

అతను వెళ్ళేసరికి ఊళ్ళోని లాజరు గుడి వీధంతా జనం. ఊదారంగు బట్టలు, చుట్టల పొగ, కొవ్వొత్తులు. తారురోడ్డు మీద కొందరు మోకాళ్ళ కింద అట్టముక్కలు జరుపుకుంటూ వస్తున్నారు. నెరేయిదాకు అట్ట లేదు. ఊదా గౌను మీద అతని తెల్లచొక్కా తొడుక్కుంది. ఆదివారాలు ప్రసంగానికి వేసుకునే చొక్కా. మిగ్దాలియా ఆరేసిన తాడు మీంచి తెచ్చుకున్నట్టుంది. మోకాళ్ళ దగ్గర గౌను తడిసి నల్లగా ఉంది. పెదవులు నీలంగా మారాయి. గుమ్మం ఇంక ఓ ఇంటి ముంగిలంత దూరం కూడా లేదు.

ఎవెలియో మరేమీ ఆలోచించలేదు. వంగి ఆమెను రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"దించరా! దించు! అయిపోవచ్చింది!" పిడికిళ్ళతో అతని రొమ్ము మీద కొట్టింది. ఆ దెబ్బల్లో బలం లేదు.

"ఓ అన్నా, మొక్కు మధ్యలో లేపకూడదయ్యా!" అని ఎవరో అరిచారు. ఒకావిడ అడ్డం రాబోయింది. అతను అందర్నీ తోసుకుంటూ ఆమెను కారు దాకా మోసుకుపోయాడు. తను ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాడు. దారంతా ఆమె కిటికీలోంచి వెనక్కి చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఆమె మంచం దిగలేదు. డాక్టరు మందులు మార్చాడు, విశ్రాంతి అన్నాడు. ఎవెలియో పక్కన కూర్చున్నప్పుడల్లా ఆమె చెయ్యి చాపి అతని మోకాలు నొక్కి చూసేది.

"నొప్పేమైనా ఉందా?"

"లేదక్కా."

"మెట్లెక్కుతుంటే?"

"లేదు."

నమ్మేది కాదు. అతను లేచి నడుస్తుంటే తలుపు దాటేదాకా కాళ్ళవైపే చూసేది. అతన్ని ఎక్కువ బాధపెట్టింది అదే. తిట్టినా బాగుండేది.

ఒక ఉదయం, నారింజరసం గ్లాసు అలాగే పట్టుకుని ఆమె అడిగింది. "నిజం చెప్పు. అక్కడ నీళ్ళమీద నువ్వెవర్ని పిలిచావు?"

వేదిక మీద వందలసార్లు చెప్పిన జవాబు నోటిదాకా వచ్చింది. ఆ మొహం ముందు అది బయటికి రాలేదు.

"క్రీస్తు నాకు అప్పటికి అంతగా తెలియదక్కా. నిన్నే పిలిచాను. అక్కా, అక్కా అని. గొంతు పోయేదాకా."

నెరేయిదా గ్లాసు ఒళ్ళో దించుకుంది. తర్వాత ఆమె మొహం విచ్చుకుంది. ఈ దేశం వచ్చాక ఆమె అలా నవ్వడం అతను చూడలేదు.

"అయితే వినపడిందన్నమాట. పీతలు వలుస్తూ వలుస్తూ ఉన్నపళంగా నేలమీద మోకరించాను. తోటివాళ్ళు పిచ్చెక్కిందనుకున్నారు. ఎందుకో నాకూ తెలియలేదు." గ్లాసు అతని చేతికిచ్చింది. "మిగిలిన ఆ కాస్తా పూర్తి చేసుకొద్దాంరా. నేను లేవగానే."

"వెళ్దాం."

"మీవాళ్ళు చూస్తే?"

"చూడనీ."

ఆమె లేవలేదు. ఆ వారం దాటకుండానే, మిగ్దాలియా జుట్టు దువ్వుతుండగా ప్రాణం పోయింది.

అంత్యక్రియలు చర్చి పద్ధతిలోనే జరిగాయి. ప్రసంగం తనే చేశాడు. అక్క గురించి ఒక్క మాటా సరిగ్గా చెప్పలేకపోయాడు. మర్నాడు పట్టపగలు, అదే టై కట్టుకుని లాజరు వీధికి వెళ్ళాడు. పండుగ సందడి లేదు. కొవ్వొత్తులమ్మే మనిషి తప్ప ఎవరూ లేరు. ఆమెను ఎత్తుకున్న చోటు ఇదేనని గుర్తుపట్టి, ప్యాంటు కాస్త పైకి లాక్కుని మోకరించాడు.

"అట్టముక్క ఇవ్వనా అన్నా?" అంది కొవ్వొత్తులావిడ.

తల అడ్డంగా ఊపాడు. గుమ్మం దాకా పాకాడు. లోపలి విగ్రహం వైపు చూడలేదు. ప్రార్థన ఏదీ రాలేదు. కాసేపుండి, గోడ పట్టుకుని లేచాడు. లేచాక తేలికపడతాననుకున్నాడు. అదేం లేదు. మొక్కు తీరిందని చెప్పడానికి ఇంట్లో అక్క లేదు.

సాయంత్రానికి ఒరెస్తెస్ వచ్చాడు. రొట్టె సంచి బల్లమీద పెట్టి కూర్చున్నాడు.

"నిన్ను చూశారట."

"చూశారు."

"అక్క మీద ప్రేమ అని చెప్దాం. జనం అర్థం చేసుకుంటారు. వచ్చే ఆదివారం నీ సాక్ష్యం చెప్పు, అంతా సర్దుకుంటుంది."

"అందులో ఒక అబద్ధం ఉంది ఒరెస్తెస్. నేను పిలిచింది క్రీస్తుని కాదు."

పెద్దాయన చేతులు బల్లమీద కదలకుండా ఉండిపోయాయి. "అయితే ఆయన రాలేదంటావా?"

"పిలవకపోయినా వచ్చాడేమో. యాయో అంత పిలిచినా ఎవరూ ఎందుకు రాలేదో. నాకు తెలియదు. తెలిసినట్టు ఇన్నేళ్ళు చెప్పాను."

ఒరెస్తెస్ లేచాడు. వెళ్తూ వెళ్తూ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఆదివారం నేను మాట్లాడతాలే. నువ్వొచ్చి కూర్చో."

ఎవెలియో వెళ్ళి వెనక వరసలో మిగ్దాలియా పక్కన కూర్చున్నాడు. ప్రార్థన ముగిశాక ఒక స్త్రీ అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. క్యూబా నుంచి వచ్చి ఎన్నాళ్ళో కాలేదని ఆమె చెప్పులే చెబుతున్నాయి.

"పాస్టరుగారూ, మీ సాక్ష్యం విందామని రెండు బస్సులు మారి వచ్చాను. మా అబ్బాయి సముద్రం మీదున్నాడు. కబురు లేదు. నేనెవర్ని పిలవాలో మీరు చెప్పండి."

మిగ్దాలియా భర్త మొహంలోకి చూసింది. ఎవెలియో పక్క కుర్చీ మడత విప్పి, ఆమెను కూర్చోమన్నాడు.

"అబ్బాయి పేరేమిటమ్మా?"

ఆమె చెప్పింది. అతను ఆ పేరు మెల్లగా తనూ ఒకసారి పలికాడు. ఆమె ఎదురుచూస్తూ అలాగే కూర్చుంది.