కొండ ఎరుగని కారు

2024 ఏప్రిల్ నెలాఖరు. మర్నాటి నుంచి మూఢం. కొత్త కొనుగోళ్ళకు ఇక రెండు నెలల పైచిలుకు ముహూర్తాలు లేవు కాబట్టి అందరూ ఆ ఒక్క రోజు మీదే పడ్డారు. కడియం రోడ్డంతా పెళ్ళిపూల వ్యాన్లు. నేను మాత్రం ఒక కారును పరీక్షించడానికి ఒక నర్సరీకి వెళుతున్నాను.

రాజమండ్రిలో నాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. పాత బండి కొనేవాళ్ళ తరఫున వెళ్ళి దాని మంచిచెడ్డలు చెప్పడం కూడా నా పనిలో భాగమే. దీన్ని ప్రీ-పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ అంటారు. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువు గ్రంథాలయంలో సాగింది. షెడ్డు మూశాక చేతులకున్న గ్రీజు కడుక్కుని వెళ్ళి, అక్కడి ఆటోమొబైల్ పుస్తకాల బీరువాను కొన్నేళ్ళపాటు అర తర్వాత అరగా చదివాను. ఇంగ్లిషు పుస్తకాలైతే మొదట బొమ్మలు చూసి, తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. ఈ కారు గురించి ఫోను వచ్చిన రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. అలాంటి బండిని అప్పటిదాకా బొమ్మల్లోనే చూశాను.

దాన్ని మజిల్ కార్ అంటారు. అరవైల్లో అమెరికాలో మామూలు రెండు తలుపుల కార్లలో వి-ఎయిట్ ఇంజన్ పెట్టి అమ్మేవారు. ఎనిమిది సిలిండర్లు, నాలుగేసి చొప్పున రెండు వరసలు, ఇంగ్లిషు వి అక్షరంలా విచ్చుకుని ఉంటాయి. నర్సరీ యజమాని వీర్రాజు గారు ఈ కారును మద్రాసులో ఒకాయన దగ్గర కొన్నారు. అప్పటికే అది మాడిఫై చేసిన బండి. అసలు ఇంజన్ తీసేసి అంతకంటే పెద్దది పెట్టారు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బిగించారు, వెనక వెడల్పు టైర్లు వేశారు. వీర్రాజు గారు దానికి ఎర్ర రంగు వేయించి బంతి మడుల మధ్య నిలబెట్టారు. పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు దానికి ఆనుకునో, లోపల కూర్చునో ఫోజులిచ్చేవారు. ఇప్పుడు జంటలు కొత్త కొత్త చోట్లు వెతుక్కుంటున్నారని అమ్మకానికి పెట్టారు.

కొనడానికి వచ్చింది నూకరాజు గారు. కాకినాడ అవతల సముద్రపు ఒడ్డున ఆయనకు వేట బోట్లున్నాయి. వెంట భార్య మహాలక్ష్మి గారు, నాలుగేళ్ళ మనవరాలు. వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. బోటైనా బండైనా కొన్నరోజే ఇంటిల్లిపాదీ దాన్లో ఎక్కి, తుని వైపు కొండ మీదున్న అమ్మవారి గుడికి తీసుకువెళ్ళి పూజ చేయించాలి. ఆ తర్వాతే బండి వాళ్ళది.

ముందు కాలవ గట్టు రోడ్డు మీద నడిపి చూశాను. స్టీరింగ్ ఎడమవైపు. ఇంజన్ చప్పుడుకు గట్టు మీది కొంగలు లేచాయి. బ్రేకు గట్టిగా తొక్కితే బండి పక్కకు లాగకుండా తిన్నగా ఆగింది.

"ఇంకేంటండీ, బంగారంలా ఆగింది," అన్నారు వీర్రాజు గారు.

కానీ బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ చూస్తే కాఫీ డికాషన్ రంగులో ఉంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఈ కారు ఏళ్ళ తరబడి స్ప్రింక్లర్ల కింద నిలబడింది. పైగా ఇంజన్ పెద్దది చేసినవాళ్ళు బ్రేకుల జోలికి వెళ్ళలేదు. నాలుగు చక్రాలకూ పాతకాలపు డ్రమ్ములే. డ్రమ్ అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప గిన్నె. దాని లోపల షూలనే రెండు వంపు పట్టీలు విచ్చుకుని గోడకు ఒరుసుకుంటే బండి ఆగుతుంది. ఆ వేడి బయటికి పోవడానికి దారి తక్కువ. కొండ దిగుతూ బ్రేకు తొక్కుతూనే ఉంటే, తేమ పట్టిన ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు కాలు బుడగలను నొక్కుతుందే తప్ప బ్రేకును కాదు.

ఇదంతా నేను చదివింది. చూసింది కాదు. ఇక్కడ చూడటానికి కొండేదీ? కాలవ గట్లూ రైల్వే వంతెనా తప్ప మా డెల్టాలో ఎత్తుపల్లాలు లేవు. బండి తిన్నగా ఆగితే మా వాళ్ళకు బ్రేకు బాగున్నట్టే.

"చక్రాలు విప్పాలండి. ఆయిల్ మొత్తం మార్చాలి. ఒక్క రోజు ఆగండి," అన్నాను.

"ఒక్క రోజంటే మూఢమేనండి మేస్త్రీ గారూ!" అన్నారు నూకరాజు గారు.

వీర్రాజు గారు నవ్వారు. "ఎంతమంది పెళ్ళికొడుకుల్ని కూర్చోబెట్టానండీ ఇందులో! ఒక్కడికీ ఏం కాలేదు."

"పెళ్ళయ్యాక ఏమయ్యారో అడిగారేంటండీ?" అన్నారు నూకరాజు గారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"పుస్తకంలో చదివిందే చెబుతున్నాను, కాదనను," అన్నాను.

"ఆ పుస్తకంలో కొండలు అమెరికావండీ. మన కొండ ఎంతుంటుందేంటి?" అన్నారు వీర్రాజు గారు. ఆయన గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. బేరం పోతుందన్న భయం ఆయనది. నా భయం నేను నిరూపించలేనిది. తప్పయితే ఇద్దరి ముహూర్తం చెడగొట్టినవాణ్ణవుతాను.

"నా మాట తప్పు కావచ్చు. తెలిసేదాకా ఆ వెనక సీట్లో ఎవర్నీ ఎక్కించొద్దండి. మీరు నడపండి, పక్కన నేను కూర్చుంటాను. మిగతావాళ్ళు వేరే బండిలో రండి."

నూకరాజు గారి ముఖం చిన్నబోయింది. "అందరం కలిసి ఎక్కాలండీ. అదే మా పద్ధతి."

అప్పటిదాకా మాట్లాడని మహాలక్ష్మి గారు కలగజేసుకున్నారు. "ఆయన్ని పిలిపించింది అవును అనిపించుకోడానికా ఏంటయ్యా? పిల్లని తీసుకుని నేను వ్యాన్లో వస్తా, పద." మనవరాలు ఏడుపు లంకించుకుంది. వీర్రాజు గారు తన నర్సరీ వ్యాన్ తీశారు.

తుని దాకా హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. లారీవాళ్ళు హారన్ కొట్టి చేతులూపారు. నూకరాజు గారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. నేను మాత్రం ఆయన కాలు బ్రేకు మీదికి వెళ్ళినప్పుడల్లా పెడల్ ఎంత లోతుకు దిగుతోందో చూస్తూ కూర్చున్నాను. కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ ఆడుతూ పాడుతూ ఎక్కింది. నా మీద నాకే అనుమానం పుట్టింది.

పూజ అయింది. పూలదండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. నేను తిరిగి చూసేసరికి మనవరాలు వెనక సీట్లో కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉంది.

"ఎక్కేటప్పుడు ఏం కాలేదు కదండీ. దిగేటప్పుడు పిల్లని ఎక్కించుకుందాం. అమ్మవారి ఎదుట దించేస్తే బాగోదు," అన్నారు నూకరాజు గారు.

"ఎక్కడం ఇంజన్ పనండీ. దిగడమే బ్రేకు పని."

"మీరు మరీ చాదస్తంగా మాట్లాడుతున్నారు!" అని వీర్రాజు గారు విసుక్కున్నారు. పూజారి, దుకాణాలవాళ్ళు మా వైపే చూస్తున్నారు. చదివిన పేజీలన్నీ గుర్తొస్తున్నాయి గానీ, వాటిలో ఒక్కటీ ఈ కారు గురించి కాదు.

"బ్రేకు పోతుందని నేను చెప్పలేనండి. పోదని కూడా చెప్పలేను. నాకు తెలియదు. తెలియనప్పుడు పిల్ల వద్దు," అన్నాను.

మహాలక్ష్మి గారు వచ్చి పిల్లను ఎత్తుకుని, అది గింజుకుంటున్నా వినకుండా వ్యాన్ వైపు వెళ్ళిపోయారు.

దిగేటప్పుడు గేరును ఎల్‌లో పెట్టించాను. ఎల్ అంటే లో గేర్. అందులో ఇంజనే బండిని కొంత పట్టి ఉంచుతుంది. రెండు మలుపులు బాగానే దిగాం. మూడో మలుపు దాటాక భక్తులతో నిండిన ఒక బస్సు మా ముందు మెల్లగా దిగుతోంది. దాని వెనక బ్రేకు మీద నుంచి కాలు తీసే వీలు లేకపోయింది. కాసేపటికి కాలిన వాసన వచ్చింది.

"ఆపండి. ఎక్కడో ఒక చోట ఆపండి," అన్నాను.

"ఆగట్లేదండీ."

ఆయన మోకాలు పూర్తిగా చాచి ఉంది. పెడల్ నేలకు అంటుకుపోయింది. "మళ్ళీ మళ్ళీ తొక్కండి!" అని అరుస్తూ నేను హ్యాండ్‌బ్రేక్ లాగాను. తుప్పు పట్టిన కేబుల్ పట్టలేదు. ముందు బస్సు వెనక అద్దంలోంచి ఒక ముసలమ్మ మా దండ వేసిన కారును చూసి నవ్వుతోంది. నా వైపు లోయ, ఆయన వైపు కొండ.

నూకరాజు గారు అరవలేదు. ఎడమ పక్క రోడ్డు పనికి పోసిన మట్టి గుట్ట కనిపించగానే స్టీరింగ్ అటు తిప్పారు. కారు ముక్కు మట్టిలోకి దూసుకుపోయింది, కొండరాయి ఒకటి బంపర్‌ను నలిపేసింది, కారు ఒరిగి నిలబడిపోయింది.

నూకరాజు గారు ఇంజన్ ఆపేశారు. తర్వాత ఆయన అన్నారు. "బోటుకి బ్రేకుండదు కదండీ. ఆపాలంటే ఒడ్డెక్కించడమే."

వ్యాన్ వచ్చి ఆగింది. మహాలక్ష్మి గారు దిగి ముందు మొగుడి చేతులూ తలా తడిమి చూశారు. తర్వాత కారు వెనక సీటులోకి తొంగి చూశారు. గుడిలో ఇచ్చిన కొబ్బరి చిప్పలు సీటు మీద నుంచి ఎగిరి ముందు అద్దానికి తగిలి ముక్కలై ఉన్నాయి. పిల్లను ఇంకా గట్టిగా హత్తుకున్నారు. వీర్రాజు గారు రోడ్డు పక్కన రాయి మీద కూలబడి, "ఎంతమంది పెళ్ళికొడుకుల్ని కూర్చోబెట్టానండీ," అన్నారు. ఇందాకటి మాటే అయినా అది ఇప్పుడు వేరే మాట.

క్రేన్ కోసం ఎదురుచూస్తూ ఇంకోసారి పెడల్ నొక్కి చూశాను. చల్లబడ్డ బ్రేకు మళ్ళీ గట్టిగా నిలబడింది. ఆ క్షణంలో ఎవరైనా కొత్త మెకానిక్ వచ్చి చూస్తే, ఈ బ్రేకుకు ఏ లోపమూ లేదని చెప్పేవాడు. మా కాలవ గట్టు మీద నేను చూసింది కూడా అదే.

ఆ కారు మూఢమంతా నా షెడ్డులోనే ఉంది. ముందు చక్రాలకు వేడి త్వరగా బయటికి పోయే డిస్క్ బ్రేకులు బిగించి, పైపులన్నీ కొత్తవి వేశాను. మూఢం వెళ్ళాక నూకరాజు గారే దాన్ని తీసుకువెళ్ళారు.

ఇప్పుడు ఏ బండి చూడటానికి వెళ్ళినా ముందు బానెట్ ఎత్తను. దీన్ని ఏ దారిన నడుపుతారు, ఎవరెవరు కూర్చుంటారు అని అడుగుతాను. పుస్తకాలు నాకు చాలా నేర్పాయి, ఇంకా చదువుతూనే ఉన్నాను. కానీ తెలిసింది చెప్పడం సులువు. నలుగురూ విసుక్కుంటున్నప్పుడు, పూజారితో సహా అందరూ చూస్తున్నప్పుడు, నాకు తెలియదు అని గట్టిగా చెప్పడం ఆ రోజే నేర్చుకున్నాను. ఆ రోజు నేను ఖాయంగా చెప్పగలిగింది ఆ ఒక్క మాటే. వెనక సీటు ఖాళీగా ఉండటానికి అది సరిపోయింది.