ఆర్డిస్ జడ్జి దిద్దుకున్న తీర్పు

ఆర్డిస్ హావ్లాండ్ లా పట్టా పుచ్చుకుని వస్తే, రాజధానిలో ఏ లాయరూ ఆమెకు టైపు మిషను తప్ప మరో పని చూపించలేదు. ఆమె సొంత ఊరు కెల్మర్ వెళ్లిపోయి, గోధుమల గిడ్డంగి పక్క గదిలో బోర్డు పెట్టింది. కంచె తగాదాలు, వీలునామాలు చూసింది. పన్నెండేళ్లకు, అక్కడి పద్ధతి ప్రకారం జనం ఓట్లతోనే, జిల్లా జడ్జిగా ఎన్నికయింది. తర్వాత అక్కడ ప్రతి రాష్ట్రానికీ ఉండే సుప్రీంకోర్టుకు వెళ్లి, అరవయ్యో ఏట ప్రధాన న్యాయమూర్తి అయింది. ఆ రాష్ట్రంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి మహిళ ఆమే.

ఆ మరుసటి ఏడు ఒక కాలువ నీళ్ల కేసు వచ్చింది. పై పొలం ఆసామి కాలువ మళ్లించుకుంటే కింది పొలం వాళ్ల హక్కు పోతుందా అన్నది తగవు. కాగితాలు తిరగేస్తున్న ఆర్డిస్ ఒకచోట ఆగిపోయింది. అక్కడున్నది తన పేరే. జిల్లా జడ్జిగా తొలి ఏడాది, ఇలాంటి తగవులోనే, కింది వైపున్న లొవెల్ స్ట్రాండ్ అనే పశువుల ఆసామిని ఓడిస్తూ తానిచ్చిన తీర్పును పై పొలం లాయరు ఆసరా చేసుకున్నాడు. ఆ స్ట్రాండ్ అప్పీలుకు వెళ్లలేదు. నీళ్లు లేక మందనంతా అమ్ముకున్నాడు.

పాత దస్త్రం తెప్పించుకుని చదివింది. కిందివాళ్ల పాత నీటి హక్కును లెక్కలోకి తీసుకోకుండా తను తప్పు చేసినట్టు రెండో పేజీలోనే తెలిసిపోయింది.

"ఆ తీర్పు ఊసెత్తకుండానే రాసెయ్యొచ్చుగా ఆర్డిస్, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు తోటి జడ్జి మెరిట్.

"నేను చూశానుగా" అందామె.

కింది పొలం వాళ్లను గెలిపిస్తూ, వెనక తాను పొరబడ్డానని తీర్పులోనే తన పేరు పెట్టి రాసుకుంది. ఆ శనివారం నాలుగు గంటలు కారు నడుపుకుంటూ స్ట్రాండ్ ఇంటికి వెళ్లింది. వాకిట్లో నిలబడే సంగతంతా చెప్పింది.

"పదహారేళ్లు పట్టిందేంటి జడ్జి గారూ?" అన్నాడు ముసలాయన.

"పట్టింది."

"నా గొడ్లు తిరిగొస్తాయా?"

"రావు. మీ కేసు తిరగదోడే గడువు దాటిపోయింది. తప్పు నాదని మీకు నా నోటితో చెప్పాలని వచ్చాను."

ఆయన గుమ్మంలోంచి పక్కకి జరిగాడు. "మా ఆవిడ ఉండుంటే మిమ్మల్ని ఇటునుంచి ఇటే పంపించేసేది. నాకంత పట్టుదల లేదు. రండి, కాఫీ పెడతాను."

ఆమె సాయంత్రం దాకా అక్కడే ఉంది. ఆయన ఒక్కో ఆవునూ పేరుపేరునా చెబుతుంటే కూర్చుని విన్నది.

ఆ తర్వాత, కొత్త జిల్లా జడ్జీలు ఏడాదికొకసారైనా తమ దగ్గర ఓడిపోయిన వాళ్ల ఊరు చూసి రావాలని ఆమె పట్టుబట్టింది. కొందరు గొణిగారు. అయినా వెళ్లొచ్చారు.